బడ్జెట్ పుస్తకం నుంచి బడి ఖాతాదాకా
(విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల కమిటీ సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

బడ్జెట్ నెల రాగానే టీవీల్లో ఒకే వాదన నడుస్తుంది. చదువుకు మేం ఎక్కువ ఇచ్చామని ఒకరు, మీరు కోత పెట్టారని ఇంకొకరు. రెండు వైపులా పట్టుకునేది ప్రసంగంలో మంత్రి చదివిన అంకెనే. 2024 నవంబరు 11న పెట్టిన మన ఆంధ్రప్రదేశ్ బడ్జెట్‌లో పాఠశాల విద్యకు 29,909 కోట్లు అన్నారు. 2025 ఫిబ్రవరి 28న పెట్టిన దాంట్లో 31,805 కోట్లు. ఈ అంకెలు ఖర్చు పెట్టుకోవడానికి సభ ఇచ్చే అనుమతి మాత్రమే. డబ్బు బడికి చేరాలంటే ఇంకా చాలా మెట్లు దిగాలి. పార్టీల తగాదా అంతా పైమెట్టు మీదే జరుగుతోంది, కింది మెట్లను ఎవరూ చూడటం లేదు. ఈరోజు ఆ కింది మెట్ల గురించే మాట్లాడతాను.

ముందు పుస్తకం చదివే పద్ధతి. ఆర్థిక శాఖ వెబ్‌సైటులో బడ్జెట్ సంపుటాలు ఉంటాయి. ప్రతి పద్దు ఎదురుగా నాలుగు నిలువు వరుసలు కనిపిస్తాయి: రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చు, నిరుటి అంచనా, నిరుటి సవరించిన అంచనా, వచ్చే ఏటి అంచనా. నాయకులు రెండో వరుసను నాలుగో వరుసతో పోల్చి మాట్లాడతారు. మీరు మొదటి వరుసను, మూడో వరుసను చూడండి. ఫిబ్రవరిలో వెయ్యి అని చెప్పి మరుసటి ఫిబ్రవరికి ఆరువందలకు సవరిస్తే, ఆ నాలుగువందల సంగతి మూడో వరుసలోనే బయటపడుతుంది. దాని మీద పత్రికా సమావేశాలు జరగవు.

తర్వాత పద్దు సంఖ్యలు. 2202 అంటే సాధారణ విద్య మీద రెవెన్యూ ఖర్చు. జీతాలు, గ్రాంట్లు, భోజనం వంటి నడిపే ఖర్చంతా అందులో ఉంటుంది, పెద్ద వాటా జీతాలదే. 4202 అంటే కట్టడాలు. మొత్తం పెరిగినా 4202 తగ్గితే ఆ ఏడు కొత్త గది లేవదని అర్థం. 789 అని కనిపిస్తే ఎస్సీ ఉప ప్రణాళిక, 796 అయితే గిరిజన ఉప ప్రణాళిక. పాడేరు, అరకు వైపు ఆశ్రమ పాఠశాలలు గిరిజన సంక్షేమ శాఖ కింద నడుస్తాయి. వాటి డబ్బు కోసం పాఠశాల విద్య పద్దు ఎంత తిరగేసినా దొరకదు, ఆ శాఖ డిమాండ్, అంటే ఆ శాఖ ఖర్చుకు సభను అనుమతి అడిగే పద్దు, తెరవాలి. మన్యం పిల్లల బడుల మాట ఈ చర్చల్లో ఎప్పుడూ వెనకబడటానికి ఇది కూడా ఒక కారణం.

ఇక సభ. రాజ్యాంగం 203వ అధికరణ ప్రకారం శాఖలవారీ డిమాండ్ల మీద ఓటు వేసేది శాసనసభ ఒక్కటే. ఇక్కడ చాలామంది టీచర్లకు ఒక భ్రమ ఉంది. ఉత్తరాంధ్ర ఉపాధ్యాయ స్థానం నుంచి మనం ఎమ్మెల్సీని పంపిస్తున్నాం కాబట్టి ఆయన నిధులు తెస్తాడని ఆశిస్తారు. మండలి బడ్జెట్ మీద చర్చించగలదు, కానీ డిమాండ్ల మీద ఓటు లేదు. ద్రవ్య బిల్లును 14 రోజులకు మించి ఆపలేదు. ఎమ్మెల్సీ చేతిలో ఉన్న అసలు పనిముట్టు ప్రశ్న. విడుదల ఎంత, ఖర్చెంత, ఆగిన బిల్లులెన్ని అని లిఖితపూర్వకంగా అడిగితే మంత్రి సభలో జవాబు చెప్పాలి. ఆయన్ని కలిసినప్పుడు నిధుల కోసం వినతిపత్రం ఒక్కటే ఇచ్చి రావద్దు, ప్రశ్న రాసి ఇవ్వండి.

శాసనసభలో ఓటు ఉన్నా దాన్ని వాడే పరిస్థితి లేదు. డిమాండ్‌ను తగ్గించమని కోత తీర్మానం పెట్టవచ్చు. విధానమే తప్పు అనుకుంటే మొత్తం డిమాండ్‌ను ఒక్క రూపాయికి తగ్గించమని, ఒక ఫిర్యాదు వినిపించాలంటే అందులోంచి వంద రూపాయలు తగ్గించమని అడుగుతారు. అది నెగ్గితే ప్రభుత్వానికి సభ విశ్వాసం పోయినట్టే కాబట్టి పాలక పక్షం వారు పెట్టరు. 1985 నాటి పార్టీ ఫిరాయింపుల చట్టం తర్వాత విప్‌కు, అంటే పార్టీ ఆదేశానికి, ఎదురుగా ఓటు వేస్తే సీటే పోవచ్చు. ఆ పని ప్రతిపక్షం చెయ్యాలి. 175 మంది సభలో 2019లో ఒక పార్టీకే 151 వచ్చాయి. 2024లో కూటమికి 164, ప్రతిపక్షానికి 11. ఆ 11 మంది ప్రతిపక్ష హోదా కావాలంటూ సభకు దూరంగా ఉంటున్నారు. హోదా సంగతి ఏమైనా, డిమాండ్ చర్చకు వచ్చిన రోజు కుర్చీ ఖాళీగా ఉంటే నష్టపోయేది మీ బడే. ఇది నా గట్టి అభిప్రాయం. గడువు రోజున చర్చకు రాని డిమాండ్లన్నీ ఒక్క దెబ్బకు ఓటుకు పెట్టి ఆమోదిస్తారు.

2024-25లో ఇంకో వింత. ఎన్నికల ముందు నాలుగు నెలలకు ఓట్ ఆన్ అకౌంట్, అంటే పూర్తి బడ్జెట్ వచ్చేదాకా ఖర్చుకు సభ ఇచ్చే తాత్కాలిక అనుమతి. ఆ తర్వాత ఇంకో నాలుగు నెలల ఖర్చుకు సభ ఓటు లేకుండా ఆర్డినెన్సు. పూర్తి బడ్జెట్ వచ్చేసరికి నవంబరు. జూన్‌లో బడి తెరిచిన పిల్లవాడికి అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గర పడేదాకా వాడి చదువు డబ్బు మీద సభలో శాఖవారీ చర్చే జరగలేదు.

ఇప్పుడు అసలైన మెట్టు, విడుదల. సభ ఆమోదించాక ఆర్థిక శాఖ విడతలుగా విడుదల ఉత్తర్వులు ఇస్తుంది. అప్పుడే డ్రాయింగ్ అధికారి, అంటే ఖజానా నుంచి డబ్బు తీసే అధికారం ఉన్నవాడు, సీఎఫ్‌ఎంఎస్‌ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థలో బిల్లు పెట్టగలడు. ఖజానాలో నగదు లేకపోతే బిల్లు వరుసలో కూర్చుంటుంది. జీతాలు, పింఛన్లు, వడ్డీలు ముందు పోతాయి. తర్వాత ముహూర్తం ప్రకటించిన నగదు పథకాలు. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, కుళాయి మరమ్మతు, వంట చేసే తల్లుల బిల్లులు చివరికి. మార్చి 31 రాత్రికి పాస్ కాని బిల్లుతో పాటు అనుమతీ మురిగిపోతుంది. ఏప్రిల్‌లో మళ్లీ మొదటి నుంచి మొదలు.

సమగ్ర శిక్ష కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే పాఠశాల విద్య పథకం. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. రాష్ట్ర వాటా ఆలస్యమైతే కేంద్రపు తదుపరి విడత కూడా ఆగుతుంది. రెండు చోట్లా వేర్వేరు పార్టీలుంటే ఇంకో చిక్కు. పీఎం శ్రీ అనే కేంద్రపు ఆదర్శ పాఠశాలల పథకం ఒప్పందం మీద సంతకం చేయలేదని తమిళనాడుకు సమగ్ర శిక్ష సొమ్ము ఆపితే, 2025లో ఆ రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. సమగ్ర శిక్ష కిందే బడి రోజువారీ ఖర్చుల కోసం ఏటా కాంపోజిట్ గ్రాంటు వస్తుంది. పిల్లలు 30 మంది వరకు ఉంటే 10 వేలు, 100 వరకు 25 వేలు, 250 వరకు 50 వేలు, వెయ్యి వరకు 75 వేలు, ఆపైన లక్ష. అందులో కనీసం పదోవంతు పరిశుభ్రతకు ఖర్చు పెట్టాలి. మీ బడికి ఎంత రావాలో పిల్లల సంఖ్యను బట్టి ఇంట్లో కూర్చునే లెక్క కట్టవచ్చు. ఆ డబ్బు ఫిబ్రవరి, మార్చిల్లో పడితే హడావుడిగా ఖర్చు రాయడం తప్ప ప్రధానోపాధ్యాయుడు చేయగలిగింది ఏమీ ఉండదు.

పేర్ల మార్పు గురించి కూడా చెప్పాలి. తల్లుల ఖాతాలో వేసే డబ్బుకు అమ్మఒడి పోయి తల్లికి వందనం, మధ్యాహ్న భోజనానికి గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ భోజనం, పిల్లల కిట్లకు విద్యాకానుక పోయి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర, బడి భవనాల పనులకు నాడు-నేడు పోయి మన బడి-మన భవిష్యత్తు. డొక్కా సీతమ్మ, రాధాకృష్ణన్ పూజనీయులే, వారి పేర్లతో నాకు పేచీ లేదు. నా బాధ పాత పేరుతో మొదలైన పని గురించి. నాడు-నేడు తొలి విడతలో 15,715 బడులు బాగుపడ్డాయి. రెండో విడతలో పిల్లర్లు లేచి శ్లాబు పడని గదులు చాలాచోట్ల మిగిలాయి. ప్రభుత్వం మారినప్పుడు పాత పద్దులో బిల్లు చెల్లదు, కొత్త పద్దులో ఆ గది జాబితాకెక్కదు. బయటికి తేలిన ఇనప చువ్వలకు మన సముద్రపు గాలి తగిలితే ఎంతకాలం నిలుస్తాయో విశాఖ వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

మీరు చేయగలిగినది ఇదీ. విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేసే అధికారం మీ తల్లిదండ్రుల కమిటీదే. తరగతివారీ పిల్లల సంఖ్య, కావలసిన టీచర్లు, గదులు, వాటికయ్యే డబ్బు మూడేళ్లకు లెక్క వేసి డిసెంబరు లోపు మండల విద్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. మార్చిలో ఇస్తే అప్పటికే అంచనాలు అచ్చుకు పోయి ఉంటాయి. అసంపూర్తి గదులుంటే ఫొటో, కొలతలు, ఆగిన తేదీ, చెల్లించిన మొత్తం కలిపి ఒక పేజీలో రాసి, జనవరిలో మీ ఎమ్మెల్యేకు, ఎమ్మెల్సీకి ప్రశ్న రూపంలో అందించండి. ఏ పార్టీ వారైనా సరే, అదే పేజీ.

జవాబు రాకపోతే సమాచార హక్కు ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో ఐదు రూపాయలు, జిల్లా కార్యాలయంలో పది. గడువు 30 రోజులు. ‘నిధుల వివరాలు ఇవ్వండి’ అని రాస్తే పనికిరాని కాగితం వస్తుంది. ఫలానా బడి పేరు, ఫలానా ఆర్థిక సంవత్సరం, విడుదల ఉత్తర్వు నంబరు, తేదీ, బిల్లు పెట్టిన తేదీ, పాసైన తేదీ, మురిగిన మొత్తం, ఇలా విడివిడిగా అడగండి. నమూనా దరఖాస్తు బల్ల మీద పెట్టాం. వెళ్లేటప్పుడు బడికి ఒకటి చొప్పున తీసుకోండి.