18 కిలోల టర్బోకి ఏ ఆసరా ఆగుతుంది? మూడు బ్రేస్‌ల రివ్యూ

నమస్తే అండీ. టేబుల్ మీద టర్బో (ఇంజిన్ పొగ ఒత్తిడితో తిరిగి లోపలికి గాలి నెట్టే పరికరం) బరువు మోసే బ్రేస్‌లు, అంటే ఆసరాలు, మూడు పెట్టాం, చూడండి. ఇది 6 ఎంఎం ఇనుప పట్టీ వంచి చేసిన బ్రాకెట్. ఇది రెండు కొసలా రాడ్ ఎండ్‌లు (అటూ ఇటూ తిరిగే కీళ్లు) ఉన్న టర్న్‌బకిల్ బ్రేస్, అంటే తిప్పితే పొడవు మారే కడ్డీ. ఇదేమో అడుగున స్ప్రింగ్ ఉన్న ఆసరా. ఇంజిన్ టొయోటా 2జేజడ్-జీటీఈ, 3 లీటర్ల ఇన్‌లైన్ సిక్స్, అంటే ఆరు సిలిండర్లూ ఒకే వరసలో. ఫ్యాక్టరీ జంట టర్బోలు తీసేసి, టీ4 ఫ్లాంజ్ (టర్బోని బోల్టులతో బిగించే, టీ4 సైజు పళ్లెం) ఉన్న ఒకే పెద్ద టర్బో పెట్టే బిల్డ్. మన దేశంలో రోడ్డు బండికి ఇలాంటి మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. కాబట్టి దీన్ని ట్రాక్ బండి లెక్కలోనే వినండి.

ముందు బరువు సంగతి. ఈ సైజు టర్బో 18 కిలోలనుకుందాం. దాని బరువంతా హెడ్ (ఇంజిన్ పై భాగం) నుంచి 250 ఎంఎం బయట వేలాడుతోంది. బండి కదలకుండా నిలబడి ఉన్నా మానిఫోల్డ్ (హెడ్ నుంచి పొగని టర్బోకి చేర్చే పైపుల గుంపు) మొదట్లో 44 న్యూటన్ మీటర్ల వంపు బలం పడుతుంది. గుంతలో పడి 4 జీ కుదుపు (బరువుకి నాలుగింతల బలం) వచ్చిందంటే అది 176కి పోతుంది. పైగా ఇది ఎర్రగా కాలిన స్టీల్ మీద. చల్లగా ఉన్నప్పుడు ఉండే బలం అప్పుడు దానికి ఉండదు. అందుకే కలెక్టర్ (మానిఫోల్డ్ పైపులన్నీ కలిసే చోటు) దగ్గర, వెల్డు అంచున సన్నటి బీట మొదలవుతుంది. బీట కంటికి కనపడక ముందే గాస్కెట్ పక్కన నల్లటి మసి గీత కనిపిస్తుంది.

మానిఫోల్డ్ ట్యూబ్ మందం కూడా చూసుకోవాలి. ఇంచుంపావు షెడ్యూల్ 10 పైపు గోడ 2.77 ఎంఎం. 16 గేజ్ ట్యూబ్ గోడ 1.65 ఎంఎం మాత్రమే. పల్చటి ట్యూబ్ మీద ఇంత టర్బో పెడితే బ్రేస్ తప్పనిసరి. షెడ్యూల్ 10 వాడినా పెట్టమనే మేం చెబుతాం.

ఇప్పుడు అసలు చిక్కు. టర్బోని కదలకుండా పట్టుకోవాలి, కానీ మానిఫోల్డ్‌ని పెరగనివ్వాలి. 304 స్టెయిన్‌లెస్ 300 ఎంఎం పొడవు, 650 డిగ్రీలు వేడెక్కితే, దాదాపు 3.5 ఎంఎం పెరుగుతుంది. ఆ పెరుగుదలని ఏ బ్రాకెట్టూ ఆపలేదు. ఆపబోతే ఏదో ఒకటి వంగుతుంది, లేకపోతే పగులుతుంది.

ఇనుప పట్టీ బ్రాకెట్ ఓడిపోయేది ఇక్కడే. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు గట్టిగా, నమ్మకంగా కనిపిస్తుంది. వేడెక్కాక మానిఫోల్డ్ బయటికి తోస్తుంది, పట్టీ లోపలికి లాగుతుంది. చల్లారాక అంతా తిరగబడుతుంది. కొన్నాళ్లకి బోల్టు రంధ్రం దగ్గర పట్టీ అయినా చీలుతుంది, రన్నర్ (మానిఫోల్డ్‌లో ఒక్కో పైపు) అయినా పగులుతుంది. దీనికి మా మార్కు తక్కువే.

టర్న్‌బకిల్ ఎందుకు పనిచేస్తుందంటే, నిలువుగా పెట్టినప్పుడు అది లోలకంలా ఊగుతుంది. 200 ఎంఎం కడ్డీ పై కొస 3.5 ఎంఎం పక్కకి జరిగితే, ఎత్తులో తేడా 0.03 ఎంఎం. అంటే బరువు మోస్తూనే మానిఫోల్డ్‌ని దాని దారిన పోనిస్తుంది. అదే కడ్డీని 45 డిగ్రీల ఏటవాలుగా, హెడ్ వైపు వాలేలా పెట్టారనుకోండి. అదే 3.5 ఎంఎం కదలికకి కడ్డీ 2.5 ఎంఎం సాగాలి లేదా కుదించుకోవాలి. కుదరదు కదా! చాలా ఫోటోల్లో కనిపించే తప్పు ఇదే. ఖరీదైన కిట్ కొని, ఖాళీ ఉందని ఏటవాలుగా బిగిస్తారు.

లాంచ్‌లో (ఒక్కసారిగా బయల్దేరేటప్పుడు), బ్రేకింగ్‌లో ముందుకీ వెనక్కీ ఊగకుండా ఉండాలంటే రెండు కడ్డీలు కావాలి, ఇంజిన్ పొడవు దిశలో వీ ఆకారంలో. సిక్స్ సిలిండర్‌లో కలెక్టర్ మధ్యలో ఉంటే ఆ దిశలో పెరుగుదల రెండు వైపులా సరిసమానంగా పోతుంది. కాబట్టి వీ ఆకారం ఇబ్బంది పెట్టదు.

స్ప్రింగ్ రకం టాప్ మౌంట్ మానిఫోల్డ్‌కి, అంటే టర్బో పైన కూర్చునే రకానికి, మంచిది. అక్కడ రన్నర్లు పైకి పెరిగి టర్బోని లేపుతాయి. గట్టి కడ్డీ అయితే మోయాల్సింది పోయి, కిందికి గుంజుతుంది. కానీ స్ప్రింగ్‌ని వేడికి దూరంగా, అడుగు కొసన పెట్టి, హీట్ షీల్డ్ వేయాలి. లేదంటే బిగువు పోయి ఉత్త ఇనుప చుట్టగా మిగులుతుంది.

సామాను విషయం. రాడ్ ఎండ్‌లో టెఫ్లాన్ లైనర్ ఉంటే పై కొసన వాడకండి. టెఫ్లాన్ పరిమితి దాదాపు 260 డిగ్రీలే. మెటల్ మీద మెటల్ ఉన్నది తీసుకోండి. నైలాన్ నట్లు వద్దు, కరిగిపోతాయి. పూర్తి లోహపు లాక్ నట్ వేయాలి. ఎం10 రాడ్ ఎండ్ మర కనీసం 15 ఎంఎం లోపలికి పట్టి ఉండాలి. బోల్టుని రెండు చెవుల (కడ్డీని పట్టే, రంధ్రమున్న ముక్కల) మధ్య నుంచి పోనివ్వండి. ఒకే చెవికి వేలాడదీస్తే బోల్టు వంగుతుంది.

ఎక్కడ పట్టాలి? టీ4 ఫ్లాంజ్ దగ్గర. చెవిని మానిఫోల్డ్ వైపు ఫ్లాంజ్‌కే వెల్డ్ చేయడం ఉత్తమం. రెండు ఫ్లాంజ్‌ల మధ్య రేకు ఇరికిస్తే గాస్కెట్ సరిగ్గా కూర్చోదు. టర్బైన్ హౌసింగ్ పోత ఇనుము, దాన్ని వెల్డ్ చేయకండి. కంప్రెసర్ కవర్‌ని అసలు ముట్టుకోకండి, అది అల్యూమినియం.

బిగించే వరస: ముందు మానిఫోల్డ్‌ని హెడ్‌కి, తర్వాత టర్బోని మానిఫోల్డ్‌కి పూర్తిగా బిగించాలి. ఫ్లాంజ్ కింద చెక్క ముక్క పెట్టి, జాకీతో బరువు దిగేంతవరకే ఎత్తాలి. అప్పుడు కడ్డీ వేసి, టర్న్‌బకిల్‌ని చేత్తో తిప్పి తాకగానే ఆపి, జామ్ నట్లు (టర్న్‌బకిల్ మళ్లీ తిరక్కుండా పట్టే నట్లు) బిగించాలి. స్పానర్‌తో తిప్పి టర్బోని పైకి లేపారా, చల్లటి ఇంజిన్‌లోనే మానిఫోల్డ్‌కి బిగువు పెట్టినట్టు. నట్ల మీద పెయింట్ గీత గీయండి. బాగా వేడెక్కించి, పూర్తిగా చల్లార్చి, గీత జరిగిందేమో చూడండి. మొదట్లో మూడు నాలుగు సార్లు ఇలా చూడాలి.

డౌన్‌పైప్‌ని (టర్బో నుంచి పొగని బయటికి తీసుకెళ్లే పైపుని) మరిచిపోకండి. దాని బరువు కూడా టర్బో మీదే పడితే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. ఫ్లెక్స్ బెలోస్ (వంగి సాగే ముడతల పైపు ముక్క) వేసి, బెలోస్‌కి పైనున్న భాగాన్ని గేర్‌బాక్స్ బెల్‌హౌసింగ్‌కి స్టేతో పట్టండి. ఆయిల్ డ్రెయిన్ కూడా గట్టి పైపు కాకుండా హోస్ ఉండాలి. లేకపోతే అదే బ్రేస్ పని చేసి లీక్ అవుతుంది.

కామెంట్లలో ఎలాగూ అడుగుతారు: అడుగు కొసని చాసిస్‌కి కట్టొచ్చా? వద్దండి. ఇంజిన్ మౌంట్ రబ్బర్ల మీద ఊగుతుంది, చాసిస్ ఊగదు. ప్రతి గేర్ మార్పుకీ టర్బోని ఇటు ఇంజిన్, అటు చాసిస్ లాగుతాయి. 2జేజడ్ బ్లాక్ పోత ఇనుముది, ఇంజిన్ మౌంట్ బ్రాకెట్ బోల్టులు దానికే పడతాయి. వాటి దగ్గరే పట్టండి.