ఓట్స్ పిండి మూట, కార్నెగీ సొమ్ము: స్కాట్లాండ్ శ్రామికుల బిడ్డలు విశ్వవిద్యాలయం మెట్లెక్కిన కథ

సంచాలకురాలు: నమస్కారం. తెలివి ఉంటే చాలు, పేదింటి కుర్రవాడికైనా విశ్వవిద్యాలయం తలుపు తెరిచే ఉంటుందని స్కాట్లాండ్ తరతరాలుగా చెప్పుకుంటోంది. 'లాడ్ ఓ పెయిర్ట్స్' అని వాళ్లు ముద్దుగా పిలుచుకునే ఆ కుర్రవాడు నిజంగా ఉన్నాడా, ప్రొఫెసర్ గారూ?

చరిత్ర ఆచార్యులు: ఉన్నాడండీ. ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక్కో చర్చి పరిధిలోని ప్రాంతంలోనూ, బడి పెట్టి, పంతులుకు జీతం ఇవ్వాలని 1696 చట్టం అక్కడి భూస్వాములను ఆదేశించింది. లాటిన్ వచ్చిన పంతులు దొరికితే, చురుకైన పిల్లవాడు పద్నాలుగు, పదిహేనేళ్లకే నేరుగా విశ్వవిద్యాలయంలో చేరగలిగేవాడు, ఎందుకంటే అప్పట్లో సాధారణ ప్రవేశ పరీక్ష లేదు. తరగతులు సుమారుగా నవంబరు నుంచి ఏప్రిల్ దాకానే జరిగేవి కాబట్టి, మిగతా నెలల్లో పొలంలోనో మిల్లులోనో పని చేసుకుని మళ్లీ చలికాలానికి చదువుకు రావచ్చు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఓట్స్ పిండి అయిపోతే మూట నింపుకు రావడానికని చలికాలం నడుమ ఒక సోమవారం సెలవు ఉండేది. 'మీల్ మండే', అంటే పిండి సోమవారం, అన్న ఆ పేరు, మూటలు మోసే రోజులు పోయాక కూడా చాలాకాలం నిలిచింది.

సంచాలకురాలు: మన దగ్గర వారాలు చేసుకుని చదువుకున్న పాతతరం వారికి ఆ మూట సంగతి ఇట్టే అర్థమవుతుంది.

విద్యా పరిశోధకురాలు: అర్థమవుతుంది గానీ, ఆ మూటను చూసి మురిసిపోతే అసలు లెక్క తప్పుతాం. 1860లలో స్కాట్లాండ్ బడుల పరిస్థితిపై ప్రభుత్వం వేసిన ఆర్గైల్ కమిషన్ విచారించినప్పుడు కార్మికుల కొడుకులు చెప్పుకోదగ్గ సంఖ్యలోనే కనిపించారు. అయితే వారిలో ఎక్కువమంది వడ్రంగుల, తాపీ మేస్త్రీల వంటి పనివాళ్ల బిడ్డలు. గని కార్మికుల, కూలీల బిడ్డలు చాలా అరుదు. ఆ ఇళ్లకు ఫీజు కన్నా బరువైనది, పదేళ్లకే మొదలయ్యే కొడుకు కూలిని వదులుకోవడం. తర్వాత ఆఫ్రికా అన్వేషకుడిగా పేరొందిన డేవిడ్ లివింగ్‌స్టన్‌నే చూడండి. బ్లాంటైర్ నూలు మిల్లులో పదేళ్లప్పుడు చేరి, తెగిన దారాలు అతుకుతూ, యంత్రం మీద పుస్తకం ఆనించి, అటు వచ్చినప్పుడల్లా ఒక వాక్యం చదువుకున్నాడు. గ్లాస్గోలో వైద్య విద్యలో చేరేసరికి అతనికి ఇరవై మూడేళ్లు. అతన్ని అందరూ ఉదాహరణగా చూపుతారు. పక్క యంత్రం దగ్గర నిలబడిన పిల్లల గురించి ఎవరూ అడగరు.

చరిత్ర ఆచార్యులు: ఆ మాట ఒప్పుకుంటాను. మరో వైచిత్రి కూడా ఉంది. 1892లో విశ్వవిద్యాలయాలు స్త్రీలకు పట్టాలిచ్చే తరగతుల తలుపు తెరిచాయి. అదే సంవత్సరపు సంస్కరణలు ప్రాథమిక అర్హత పరీక్షను పెట్టడంతో, పల్లె బడి నుంచి నేరుగా వచ్చే దారి ఇరుకైంది.

సంచాలకురాలు: మరి అమెరికాలో ఉక్కు వ్యాపారంతో కోటీశ్వరుడైన ఆండ్రూ కార్నెగీ?

చరిత్ర ఆచార్యులు: స్కాట్లాండ్‌లోని డన్ఫర్మ్‌లిన్ పట్టణంలో ఆయన తండ్రి చేనేత కార్మికుడు. ఆవిరి మగ్గాలు బతుకుతెరువును మింగేయడంతో ఆ కుటుంబం 1848లో అమెరికా వెళ్లిపోయింది. 1901లో ఆయన స్కాట్లాండ్ విశ్వవిద్యాలయాల కోసం కోటి డాలర్లతో ట్రస్టు పెట్టి, రాబడిలో కొంత స్కాట్ విద్యార్థుల ఫీజులకు కేటాయించారు.

విద్యా పరిశోధకురాలు: ఫీజు తీరింది, ఇంటికి రావలసిన కూలి మాత్రం అలాగే ఆగిపోయింది. జీవనభృతి అన్నది అర్హులందరికీ ప్రభుత్వం నుంచి అందింది 1960ల తొలినాళ్లలోనే. ఇవాళ స్కాట్లాండ్ విద్యార్థికి తన దేశంలో తొలి డిగ్రీకి ఫీజు లేదు. అద్దెకూ తిండికీ చేసే అప్పు మాత్రం పేదింటి బిడ్డ మీదే ఎక్కువగా పడుతోంది.