చేతులు మోయలేని తుపాకీ: ఆర్మర్డ్ కోర్ 6 గ్యారేజ్ మీద నా రివ్యూ

అందరికీ నమస్కారం అండీ. ఈ రోజు ఆర్మర్డ్ కోర్ 6 గురించి మాట్లాడుకుందాం. కథ, గ్రాఫిక్స్ పక్కన పెట్టేద్దాం. నాకు ఈ గేమ్ అంటే గ్యారేజే.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. ఈ సిరీస్ 1997లో ప్లేస్టేషన్‌లో మొదలైంది. 2013లో వెర్డిక్ట్ డే అనే భాగం వచ్చాక పదేళ్లు ఆగి, 2023 ఆగస్టులో ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ ఈ ఆరో భాగాన్ని తెచ్చింది. తల, కోర్ (అంటే మొండెం), చేతులు, కాళ్లు, బూస్టర్, జనరేటర్ అన్నీ విడివిడిగా కొని, మన యుద్ధ యంత్రాన్ని, అంటే ఓ పెద్ద రోబోని, గ్యారేజ్‌లో మనమే బిగించుకోవాలి. రెండు చేతులకు, రెండు భుజాలకు నాలుగు ఆయుధాలు.

ఏది పడితే అది పెట్టుకోవడం కుదరదు. ప్రతి పార్టుకూ బరువుంది, అది లాగే కరెంటుంది. కాళ్లు ఎంత మోస్తాయో, జనరేటర్ ఎంత ఇస్తుందో లెక్క చూసుకోవాలి. నాకు బాగా నచ్చింది ఇక్కడే. పెద్ద ఫిరంగి కావాలా? అయితే ట్యాంక్ కాళ్లకు వెళ్లు. గాల్లో తేలాలా? నాలుగు కాళ్లు పెట్టు, బరువైన జనరేటర్ భరించు. పైగా పార్టు అమ్మితే కొన్న ధరే తిరిగి వస్తుంది. అందుకే తప్పు చేస్తానన్న టెన్షన్ లేకుండా ప్రయోగాలు చేయొచ్చు. మొదటి చాప్టర్ చివర్లో బాల్టియస్ అనే పెద్ద శత్రువు దగ్గర నేను ఇరుక్కుపోయాను. దాని చుట్టూ ఉండే శక్తి కవచం, అదే పల్స్ షీల్డ్, పగలాలంటే పల్స్ గన్ కావాలి. అది పెట్టాలంటే భుజం మీద క్షిపణులు మార్చాలి, దాంతో జనరేటర్ కూడా మార్చాలి. అలా ఒక్కో పార్టూ మార్చుకుంటూ గెలిచిన ఆ రాత్రి నాకు ఇప్పటికీ గుర్తుంది.

మరి సమస్య ఎక్కడుంది? ఆన్‌లైన్‌లో మనిషితో మనిషి తలపడినప్పుడు.

ఈ గేమ్‌లో స్టాగర్ అని ఒకటుంది. దెబ్బలు తగిలే కొద్దీ గేజ్ నిండుతుంది. నిండగానే యంత్రం కొద్ది క్షణాలు స్తంభించిపోతుంది, ఆ క్షణాల్లో పడే దెబ్బ మామూలు కంటే చాలా గట్టిగా తగులుతుంది. దెబ్బలు ఆగితే గేజ్ మెల్లగా దిగిపోతుంది. అంటే కొద్దికొద్దిగా కొట్టే రైఫిల్ కంటే ఒక్క ఊపులో గేజ్ నింపేసే ఆయుధానికే లాభం. అందుకే రిలీజ్ అయిన కొత్తలో ఎక్కడ చూసినా రెండు చేతుల్లో జిమ్మర్‌మాన్ షాట్‌గన్లు, భుజం మీద సాంగ్‌బర్డ్స్ గ్రెనేడ్ ఫిరంగి.

చేతులు ఎంత బరువు ఆయుధాలు మోయాలో దానికీ లోడ్ పరిమితి ఉంది కదా అంటారు. ఉంది. కానీ దాన్ని దాటితే పడే శిక్ష ఏంటో చూడండి: గురి దెబ్బతింటుంది. దూరం నుంచి రైఫిల్ కొట్టేవాడికి అది ప్రాణం మీదికొస్తుంది. ఎదుటివాడి ముఖం మీదికి దూసుకొచ్చి షాట్‌గన్ పేల్చేవాడికి గురితో పనేముంది? శిక్ష పడాల్సినవాడి మీద పడకుండా పక్కవాడి మీద పడుతోంది. నా అసలు బాధ ఇదే.

డెవలపర్లు పట్టించుకోలేదని అనను. 2023 సెప్టెంబర్ ప్యాచ్‌లో (గేమ్ అప్‌డేట్‌లో) రైఫిళ్ల బలం పెంచారు, తర్వాత జిమ్మర్‌మాన్‌కి కోత పెట్టారు, డిసెంబర్‌లో ర్యాంక్ మ్యాచ్‌లు కూడా తెచ్చారు. ఆట మెరుగైంది, నిజం. కానీ ఒక తుపాకీ అంకెలు తగ్గిస్తే జనం ఇంకో తుపాకీకి మారతారు. పరిమితి లెక్కలో బరువుంది, కరెంటుంది. గెలుపోటములు తేల్చే స్టాగర్ మాత్రం ఏ లెక్కలోనూ లేదు.

నన్నడిగితే, చేతుల లోడ్ దాటినప్పుడు రీలోడ్ నెమ్మదించాలి. అప్పుడు రెండు బరువైన షాట్‌గన్లు పెట్టుకున్నవాడు మొదటి దెబ్బ కొట్టొచ్చు, రెండో దెబ్బకి ఎదుటివాడికి తప్పుకునే టైమ్ దొరుకుతుంది. ఏ ఆయుధాన్నీ నిషేధించక్కర్లేదు. కత్తుల విషయంలో వీళ్లే ఈ పని చక్కగా చేశారు: అవి ఎడమవైపే పడతాయి కాబట్టి రెండు చేతుల్లో రెండు పైల్ బంకర్లు (దగ్గర్నుంచి మేకులా గట్టిగా పొడిచే ఆయుధాలు) పట్టుకుని ఎవరూ రారు.

ఒంటరిగా ఆడేవాళ్లు కళ్లు మూసుకుని కొనుక్కోండి. ఆన్‌లైన్ కోసమే అయితే, డిస్కౌంట్ వచ్చేదాకా ఆగండి. మీ బిల్డ్‌లో, అంటే మీరు బిగించిన యంత్రంలో, చేతుల లోడ్ ఎంత ఉందో, పరిమితి దాటిందో లేదో కామెంట్‌లో రాయండి. వచ్చే వీడియోలో వాటిలో కొన్నింటిని బిగించి, ర్యాంక్ మ్యాచ్‌లో ఆడి చూపిస్తాను.