అడగకుండానే అందవలసిన ఆరు వారాలు

సభకు నమస్కారం. ఇక్కడున్నవారిలో ఎక్కువమంది సంస్థల్లో సిబ్బంది వ్యవహారాలు చూసేవారు, సూపర్‌వైజర్లు కనుక, కడుపు పోయిన ఉద్యోగినికి చట్టం ఏమి ఇస్తోందో, అది ఆమె చేతికి ఎందుకు అందడం లేదో చెప్పడానికే ఈ సమయాన్ని వాడుకుంటాను.

ఈ హక్కు నిన్న మొన్న వచ్చింది కాదు. గర్భస్రావం జరిగితే ఆ మర్నాటి నుంచి ఆరు వారాలు వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలోని తొమ్మిదో సెక్షన్ చెప్పింది. చట్టబద్ధంగా వైద్యులు గర్భాన్ని తొలగించిన సందర్భాన్ని తరువాతి సవరణతో అందులోనే చేర్చారు. ఆ తరువాత కూడా ఆరోగ్యం కుదుటపడకపోతే మరో నెల వరకు సెలవు పొడిగించుకోవచ్చు. 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి పాత చట్టం స్థానాన్ని తీసుకున్నా, ఆరు వారాలు ఆరు వారాలుగానే ఉన్నాయి. చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఆరు వారాల్లో, విషయం తెలిసి కూడా ఆమె చేత పని చేయించకూడదని యజమానిని చట్టం నిషేధిస్తోంది. కాబట్టి ఇది యజమాని దయతో మంజూరు చేసే సెలవు కాదు. ‘ఇంట్లోనే ఉన్నారు కదా, ఒక్కసారి ల్యాప్‌టాప్ తెరవండి’ అని అడగడం కూడా ఆ నిషేధం స్ఫూర్తికి విరుద్ధమేనని నా అభిప్రాయం.

ఇంత స్పష్టమైన హక్కు ఎక్కడ జారిపోతోంది? సెలవు చీటీ దగ్గర. మూడో నెల దాటేదాకా బయటికి చెప్పకూడదని మన ఇళ్లలో పెద్దలు అంటారు. గర్భస్రావాల్లో ఎక్కువ భాగం జరిగేది సరిగ్గా ఆ మొదటి 12 వారాల్లోనే. అంటే, తాను గర్భవతినని ఆఫీసులో ఎవరికీ చెప్పని స్త్రీ, ఆ సంగతినీ, ఆ గర్భం నిలవలేదన్న సంగతినీ ఒకే ఉత్తరంలో రాయాలి. దానికి ఆసుపత్రి డిశ్చార్జి కాగితం జతచేసి టీమ్ లీడర్‌కు ఇవ్వాలి. ఆయన దాన్ని పైవారికి పంపిస్తాడు; మధ్యలో ఎందరు చదువుతారో ఆమెకు తెలియదు. అందుకే చాలామంది ‘తీవ్ర జ్వరం’ అని రాసి, ఉన్న నాలుగు సిక్ లీవులూ వాడుకుని, మిగిలిన రోజులకు జీతం కోత పెట్టించుకుని, రక్తస్రావం పూర్తిగా ఆగకముందే డ్యూటీకి వస్తారు. రికార్డులో గర్భస్రావం అన్న మాటే ఉండదు కనుక, ‘మా దగ్గర ఈ సెలవు ఎవరూ అడగలేదు’ అని సంస్థ నిజాయితీగానే చెప్పగలుగుతుంది.

సర్టిఫికెట్ వద్దని నేను అనడం లేదు, చట్టమే రుజువు కోరుతోంది. అయితే ఆ రుజువు ఒక్కరి దగ్గరికే చేరేలా చేయడం మీ చేతిలో పని. ఈ కాగితాలు చూసే అధికారి ఒక్కరే ఉండాలి, వీలైతే మహిళ. టీమ్‌కు కనిపించే పట్టికలో ‘సెలవు’ అన్న మాట తప్ప ఇంకేమీ ఉండకూడదు. పై అధికారికి తిరిగి వచ్చే తేదీ తెలిస్తే చాలు.

గర్భం 26వ వారం ముగిసేలోపు పోతే చట్టం దృష్టిలో అది గర్భస్రావం. ఆ తరువాత బిడ్డ చనిపోయి పుడితే అది ప్రసవమే, ఎందుకంటే మృతశిశువును కూడా 1961 చట్టం బిడ్డగానే నిర్వచించింది. ఆ తల్లికి పూర్తి ప్రసూతి సెలవు రావాలి. బిడ్డ లేదు కదా, ఆరు వారాలు చాలు అని తేల్చే హెచ్‌ఆర్ విభాగాలు ఈ నిర్వచనం చదవాలి. అయిదో నెల టిఫా స్కానింగ్‌లో బిడ్డ బతకదని తెలిసి, వైద్యుల సలహాపై గర్భం తీయించుకున్న తల్లికీ ఆరు వారాల హక్కు ఉంది. అది ఆమె ‘కోరి చేయించుకున్నది’ అనే వాదన చెల్లదు.

కేంద్ర ప్రభుత్వోద్యోగినులకు నియమాలు వేరు. మృతశిశువు జన్మించినా, పుట్టిన బిడ్డ 28 రోజుల్లోపు మరణించినా 60 రోజుల ప్రత్యేక సెలవు ఇస్తూ 2022 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. మంచిదే. కానీ గర్భస్రావానికి వారికున్న 45 రోజులు మొత్తం సర్వీసుకు కలిపి. రెండు మూడుసార్లు కడుపు పోయిన ఉద్యోగిని ఆ రోజులను ఎలా పంచుకోవాలి? ప్రైవేటు ఉద్యోగినికి చట్టంలో లేని పరిమితి ప్రభుత్వోద్యోగినికి ఉండడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

ఇక తండ్రి సంగతి. ప్రైవేటు రంగంలో అతనికి చట్టం ఒక్క రోజు కూడా ఇవ్వదు. న్యూజిలాండ్ 2021లో తల్లితో పాటు ఆమె భాగస్వామికి కూడా మూడు రోజుల వేతన సెలవు కల్పించింది. మన తెలుగువారు ఎందరో పనిచేస్తున్న కాలిఫోర్నియాలో 2024 నుంచి ఇద్దరికీ ఐదు రోజుల సెలవు ఉంది, అయితే జీతం తప్పనిసరి కాదు. మన దగ్గర చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఒక వారం సెలవు సంస్థే తన నిబంధనల్లో రాసుకోవచ్చు.

డబ్బు దగ్గరే అసలు చిక్కు. నెలకు 21,000 రూపాయల లోపు వేతనంతో ఈఎస్ఐ పరిధిలో ఉన్న స్త్రీకి, చందా షరతులు పూర్తయి ఉంటే, ఆ ఆరు వారాల సొమ్ము ఈఎస్ఐ సంస్థే చెల్లిస్తుంది. ఆ పైన జీతమున్నవారి విషయంలో భారమంతా యజమానిదే. పది పన్నెండు మందితో నడిచే చిన్న సంస్థ వెనకాడేది ఇక్కడే. ప్రసూతి ఖర్చును ఒక్క యజమాని నెత్తిన వేయకుండా సామాజిక బీమా నుంచో, ప్రభుత్వ నిధి నుంచో ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 183వ ఒడంబడిక చెబుతోంది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. మిరప కోతకో, పత్తి ఏరడానికో వెళ్లే కూలీకి ఇవేవీ లేవు. ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో మొదటి కాన్పుకు ఇచ్చే 5,000 రూపాయలకు, గర్భం పోతే, మళ్లీ గర్భం దాల్చినప్పుడు ఆమెను కొత్త లబ్ధిదారుగా చూస్తారు. ఈలోగా పోయిన కూలి రోజులకు మాత్రం ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వరు.

మీ భవనాల్లోనే కాంట్రాక్టరు కింద ఊడ్చి తుడిచే స్త్రీలున్నారు. దినకూలీలకూ ప్రసూతి చట్టం వర్తిస్తుందని ఢిల్లీ నగరపాలక సంస్థ మస్టర్ రోల్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. ఆ స్త్రీల ఆరు వారాల వేతనం ఎవరు చెల్లించాలో మీ కాంట్రాక్టు పత్రంలో ఉందో లేదో ఈ వారంలోనే చూడండి. లేకపోతే రెన్యువల్ వచ్చేదాకా ఆగకుండా ఒక అనుబంధ పత్రం రాయించండి.