పొడిగా ఉన్న పేజీ

అందరికీ నమస్కారం. కొత్తగా ట్రాక్ పనిలో చేరిన మీతో ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తే 1956 గుర్తొచ్చింది. ఆ సెప్టెంబర్ 2న మహబూబ్‌నగర్, జడ్చర్ల మధ్య వంతెన కూలి వందమందికి పైగా చనిపోయారు. అప్పటికింకా అది హైదరాబాద్ రాష్ట్రమే. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు రాజీనామా చేస్తానంటే నెహ్రూ గారు వద్దన్నారు. మూడు నెలలైనా తిరక్కుండానే, నవంబర్ 23న అరియలూర్ దగ్గర, మద్రాసు నుంచి తూత్తుకుడి వెళ్లే ఎక్స్‌ప్రెస్ వరదకి దెబ్బతిన్న వంతెన మీంచి పడిపోయింది. ఈసారి శాస్త్రి గారు పట్టుబట్టి దిగిపోయారు. ఆయన తప్పేమీ లేదని చెబుతూనే నెహ్రూ గారు ఆ రాజీనామాను ఒప్పుకున్నారు.

మంత్రి దిగిపోతే వంతెనలు గట్టిపడతాయా అని అడుగుతారు. గట్టిపడవు, నిజమే. కానీ పైనున్నాయన ముందు "బాధ్యత నాది" అంటే కిందివాళ్లకి నిజం చెప్పడానికి ధైర్యం వస్తుంది. ఇది నేను చూసి నేర్చుకున్నాను.

నేను సెక్షన్ చూసే రోజుల్లో ఒక వానాకాలం, వంతెన దాకా వెళ్లకుండానే చూసొచ్చినట్టు రిజిస్టర్‌లో సంతకం పెట్టేశాను. తెల్లారేసరికి వంతెన పక్క కట్ట మట్టి కొట్టుకుపోయి, కింద కంకర జారిపోయి పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి. గ్యాంగ్‌మన్ చూసి ఎర్రజెండా పట్టబట్టి రైలు ఆగింది. ఛార్జ్ మెమో, అంటే తప్పు మోపుతూ ఇచ్చే నోటీసు, మాత్రం రాత్రి గస్తీ తిరిగిన పెట్రోల్‌మన్‌కి ఇచ్చారు. రెండు రోజులు నేను నోరు మెదపలేదు. మూడో రోజు పొద్దున్నే అతను మా ఇంటికొచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి, "టైములన్నీ ఉన్నాయి సార్, ఒక్కసారి చూడండి" అంటూ తన పెట్రోల్ బుక్ చేతిలో పెట్టాడు. వానకి తడిసి ఉబ్బిపోయింది, సిరా అలుక్కుపోయింది, అయినా అంకెలు కనబడుతున్నాయి. అదే రాత్రి నేను సంతకం పెట్టిన పేజీ మీద ఒక్క చుక్క తడి లేదు.

ఆ రోజే ఉన్నదున్నట్టు రాసిచ్చాను. అతని మెమో రద్దయింది, నా ఇంక్రిమెంటు ఆగింది, ఇంట్లో కొన్నాళ్లు టెన్షన్ పడ్డాం.

మరుసటి ఏడు వానాకాలంలో ఒక తెల్లవారుజామున అతనే వచ్చి తలుపు తట్టాడు. "సార్, రాత్రి కునుకు పట్టేసింది, రెండో రౌండ్ తిరగలేదు, వంతెన ఎలా ఉందో ఏమో" అన్నాడు. తొమ్మిదిన్నర బండి రావడానికి ఇంకా టైముంది. టార్చ్ తీసుకుని ఇద్దరం బయల్దేరాం.