కారులో వైరు కలిపిన చోట

శ్రోతలకు నమస్కారం.

ఒక వర్షాకాలం రాత్రి గుంటూరు నుంచి విజయవాడ వస్తున్నాను. కాజ టోల్‌గేటు దాటాక ఫాగ్ ల్యాంపులు మినుకుమినుకుమనడం మొదలుపెట్టాయి. ఆ వెనకే కాలిన ప్లాస్టిక్ వాసన. టెన్షన్‌తో కారు పక్కకు తీసి, బానెట్ ఎత్తి, ఫోన్ టార్చి వేసి చూశాను. ల్యాంపులు బిగించినప్పుడు రెండు వైర్లు మెలితిప్పి టేపు చుట్టారు. ఆ టేపు జిగురు కరిగి జారిపోయింది. రాగి పోగులకు పచ్చగా చిలుము పట్టింది. పక్కనున్న వైరు తొడుగు కమిలిపోయింది. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఫ్యూజు ఉంది కదా, భయమెందుకు" అని చాలామంది అనుకుంటారు. అప్పటిదాకా నేనూ అలాగే అనుకున్నాను. 55 వాట్ల బల్బులు రెండు 12 వోల్టుల మీద వెలిగితే సుమారు 9 ఆంపియర్ల కరెంటు లాగుతాయి. జాయింటు వదులై, అక్కడ పావు ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి. కరెంటు పెరగదు, ఇంకా తగ్గుతుంది. ఇక ఫ్యూజు ఎందుకు పోతుంది? కానీ ఆ జాయింటు దగ్గర దాదాపు 15 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు షాపుల్లో సీసం కరిగించి వైర్లు అతికించే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అందులో సగానికి పైగా వేడి, టేపు చుట్ట లోపల, మనకు కనపడకుండా!

మెలితిప్పిన జాయింటుకు కారులో అన్నీ శత్రువులే. ఇంజిన్ అదురు పోగులను వదులు చేస్తుంది, బెజవాడ ఎండ టేపును పీకేస్తుంది, వానకు చిలుము పడుతుంది.

మరి సోల్డరింగ్ చేస్తే? కరెంటు బాగానే పోతుంది. ఇంట్లో కదలని వస్తువుకైతే నేనూ అదే చేస్తాను. కారులో చిక్కెక్కడంటే, కరిగిన సీసం పోగుల మధ్య పైకి పాకి, అంతమేరా వైరును పుల్లలా బిరుసు చేస్తుంది. బిరుసు ఆగి మెత్తన మొదలయ్యే చోట, అదురుకు వంగి వంగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. సోల్డర్ చేసినా, ఆ భాగం ఊగకుండా కట్టి ఉంచాలి.

అందుకే నా ఓటు క్రింపింగ్‌కే, అంటే వైరు కొసలను కనెక్టర్ అనే చిన్న లోహపు గొట్టంలో పెట్టి గట్టిగా నొక్కేయడానికే. కంపెనీ వైరింగ్‌లోనూ వైర్ల కొసలకు లగ్గులు, అంటే బిగించే లోహపు ముక్కలు, నొక్కేది ఈ పద్ధతిలోనే. వైరు లావును బట్టి కనెక్టర్ రంగు ఉంటుంది: ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వరకు ఎరుపు, అక్కడి నుంచి రెండున్నర దాకా నీలం. తొడుగు తీసేటప్పుడు ఒక్క పోగు కూడా తెగకూడదు. నొక్కడానికి రాచెట్ ఉన్న క్రింపింగ్ టూలే వాడాలి. పూర్తిగా నొక్కేదాకా అది దవడలు తెరవదు. మామూలు కటింగ్ ప్లేయరుతో చదునుగా నొక్కితే లోపల ఖాళీలు మిగిలి, మళ్లీ చిలుము దారి చూసుకుంటుంది. సరిగ్గా పడిన క్రింపులో రాగి, గొట్టం ఒకదానికొకటి అంత గట్టిగా అతుక్కుంటాయి కాబట్టి మధ్యలోకి గాలి కూడా దూరదు. దాని మీద హీట్ ష్రింక్ స్లీవ్, అంటే లోపలివైపు జిగురు ఉండి వేడికి ముడుచుకునే తొడుగు, వేసి వేడి చేస్తే, రెండు అంచుల దగ్గరా జిగురు చిన్న ముత్యంలా బయటికి వస్తుంది. అది కనపడితే నీళ్లు దూరవని అర్థం.

మన ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన ఎలక్ట్రీషియన్లకు కొదవలేదు. "అన్నా, టేపు వద్దు, క్రింపు చేసి స్లీవ్ వెయ్యి" అని ముందే అడగండి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీయించండి. పసుపు తొడుగులో ఉండే ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి మాత్రం ఎవరినీ వెళ్లనివ్వకండి.

పనయ్యాక జాయింటుకు రెండు వైపులా పట్టుకుని గట్టిగా లాగి చూడండి. తర్వాత లైట్లు పది నిమిషాలు వెలిగించి, ఇంజిన్ ఆపి ఉండగానే, స్లీవ్ మీద వేలు పెట్టండి. పక్క వైరు కంటే వేడిగా తగిలితే, అక్కడే నిలబడి మళ్లీ చేయించుకోండి.

నమస్కారం.