అంటుకున్నది వేరు, ఇమిడినది వేరు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలుచుకోవడం మర్యాదే. కానీ నాకిచ్చింది పదిహేను నిమిషాలు, చెప్పాల్సింది ఏళ్లుగా గొంతులో ఉండిపోయింది. క్షమించండి, నేరుగా విషయానికి వస్తాను.

వరి ఆకు అంచు మీద వేలు రాస్తే చుర్రుమని గీసుకుంటుంది. ఆ గరుకుదనం సిలికాది. వేళ్లు నీటిని తాగినప్పుడు అందులో కరిగిన సిలిసిక్ ఆమ్లం కూడా మొక్కలోకి వస్తుంది. నీరు ఆకుల నుంచి ఆవిరైపోతుంది, సిలికా మాత్రం కణాల్లో గడ్డకడుతుంది. ఆ ముక్కనే ఫైటోలిత్ అంటాం. చాలావాటి పొడవు వంద మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. గడ్డకట్టేటప్పుడు కణంలోని సేంద్రియ పదార్థం పిసరంత లోపల చిక్కుకుంటుంది. ఆకు కుళ్లి మట్టిలో కలిసినా, చుట్టూ గాజులాంటి గోడ ఉంది కాబట్టి ఆ పిసరు అంత తొందరగా కుళ్లదు. గాలిలోని కర్బనాన్ని మట్టిలో దాచడానికి ఇదొక దారి అని 2005లో పార్, సలివన్ అనే శాస్త్రవేత్తలు రాశారు. ఆలోచన అందమైనది. నా పేచీ దానితో కాదు, కొలతతో.

మట్టిలోంచి వీటిని తీయడం ఓపిక పని. ఆమ్లంతో సున్నం పోగొట్టాలి, బంకమన్ను వేరుచేయాలి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తోనో నైట్రిక్ ఆమ్లంతోనో బయట అంటుకున్న సేంద్రియ పదార్థాన్ని రసాయనికంగా కాల్చేయాలి. తర్వాత సాంద్రత 2.3 దగ్గర ఉన్న బరువైన ద్రవంలో వేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే 2.65 సాంద్రత గల ఇసుక అడుక్కి పోతుంది, ఫైటోలిత్‌లు పైకి తేలతాయి. కడిగి, ఆరబెట్టి, ఎనలైజర్‌లో మండించి ఎంత కర్బనం వచ్చిందో చూస్తాం.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. పరిశోధనలో చేరిన కొత్తలో నా మొదటి రీడింగ్‌లో కర్బనం మూడు శాతం దాటింది. ల్యాబ్ అంతా సంబరం, సెమినార్‌లో చప్పట్లు. ఆ రాత్రి నిద్రపట్టక అదే నమూనాను మైక్రోస్కోప్ కింద పెట్టాను. విసనకర్ర ఆకారంలో ఉన్న ఒక ఫైటోలిత్ గాజులా మెరవాలి కదా, దాని మడతలో గోధుమరంగు మసక. పక్కదాని మీదా అదే. మళ్లీ పెరాక్సైడ్ పోశాను. బుస్సున నురగ వచ్చింది. నురగ వచ్చిందంటే కాలడానికి ఇంకా ఏదో మిగిలి ఉందన్నమాటే! నురగ ఆగేదాకా మూడు రోజులు అదే పని. చివరికి రీడింగ్ అర శాతం లోపుకి దిగింది.

ఆ కాగితం పట్టుకుని మా ల్యాబ్ పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను. "పాత అంకె రిపోర్ట్‌లోకి వెళ్లిపోయింది, ఇప్పుడు కెలక్కు" అన్నారు. అది అలాగే ఉండిపోయింది. ఆ బాధ ఈరోజుకీ పోలేదు.

పది మిల్లీగ్రాముల ఫైటోలిత్‌లో మూడు శాతమంటే 0.3 మిల్లీగ్రాములు. 0.3 శాతమంటే 0.03. ఇంత చిన్న తేడాను హెక్టార్లతో, ఏళ్లతో గుణించి చూడండి, ఒకరి లెక్క మరొకరి లెక్కకు పదింతలవుతుంది. మీలో ఎంతమంది నురగ పూర్తిగా ఆగేదాకా ఆగారు? చెయ్యెత్తండి. నిజంగా అడుగుతున్నాను.

ఇది నా ఒక్కడి అనుమానం కాదు. బతికున్న మొక్కల్లోంచి తీసిన ఫైటోలిత్‌లకు రేడియోకార్బన్ పరీక్ష చేస్తే వేల ఏళ్ల వయసు వచ్చింది! మొన్న కోసిన గడ్డికి వేల ఏళ్లా? వేళ్లు మట్టిలోని పాత కర్బనాన్ని తాగాయని కొందరు, శుద్ధి సరిగ్గా జరగలేదని మరికొందరు వాదించారు. ఇంకో చిక్కు కూడా ఉంది, దాన్ని దాచను. మరీ గట్టిగా కాలిస్తే సన్నటి గోడలున్న ఫైటోలిత్‌లు తెరుచుకుని లోపలి కర్బనం కూడా పోతుంది. అప్పుడు అంకె ఉండాల్సినదానికంటే తగ్గుతుంది. అందుకే నేను ఏ ఒక్క శాతాన్నీ పట్టుకుని ఇదే నిజం అనను. ఏ ఆమ్లం, ఎంత వేడి, ఎన్ని గంటలు, ఎన్నిసార్లు కడిగారు, ఫైటోలిత్‌లు లేకుండా నడిపిన ఖాళీ పరీక్షలో ఎంత కర్బనం వచ్చింది, ఇవి పక్కన రాయని అంకెను దయచేసి మీ పట్టికలో చేర్చవద్దు. చిన్నవాళ్లు అంకె తగ్గిందని వస్తే తలుపు వేయకండి.

నా స్లైడ్‌లు ఇంకా పది ఉన్నాయి, వదిలేస్తున్నాను. గది చివర మైక్రోస్కోప్‌లు రెండు పెట్టించాను. ఎడమవైపుది ఒక్కసారి కడిగినది, కుడివైపుది నురగ ఆగేదాకా కడిగినది. రెండూ ఒకే మట్టి. బయటికి వెళ్లేముందు తలా ఒక్క నిమిషం చూసి వెళ్లండి.